ఎస్టేటు కారు

“ఖాళీగానే ఉన్నావు కదేటి, ఆ కారు సీట్లు కాస్త కడిగీ” అన్నాడు మా ఆయన, అన్నం తిన్న చెయ్యి కడుక్కుంటూ.

నేనింకా తినలేదు. ఆయన కంచం, మా అత్త కంచం, పిల్లలు తిని బడికి పోయిన కంచాలు నూతి దగ్గర పడి ఉన్నాయి. గేదెకి కుడితి పెట్టాలి. దుకాణంలో కూలీలకి మజ్జిగ పంపాలి. అయినా మా ఇంట్లో ఖాళీ అన్న మాటకి అర్థం వేరు. మగవాళ్ళు గడప దాటి చేసేదే పని. ఆడది లోపల చేసేదానికి పేరు లేదు, అది గాలి వీచినట్టు, పొద్దు వాలినట్టు దానంతటదే జరిగిపోతుంది. “అలాగే” అన్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచి నా నోటి వెంట ఎక్కువసార్లు వచ్చిన మాట అదే అయి ఉంటుంది.

నరసన్నపేటలో పెద్దరోడ్డు మీద మాది జనరల్ మర్చంటు దుకాణం. మేకులు, రేకులు, రంగు డబ్బాలు, గోనెసంచులు, పురికొస, పాత సైకిళ్ళు, ఒక్కోసారి పాత రేడియోలు. ఏది చవగ్గా దొరికితే అది కొనడం, తుడిచి మెరుగుపెట్టి అమ్మడం మా ఆయన నరసింగరావుకి వెన్నతో పెట్టిన విద్య. ఒకసారి పాత జీపు కొని ఇచ్ఛాపురం కంట్రాక్టరుకి అమ్మాడు. అది కలిసొచ్చింది. కొత్త కారుకి పేరు రాయించుకుంటే ఏళ్ళకేళ్ళు కాచుకోవలసిన రోజులవి. చేతిలో డబ్బుండీ కారు దొరకని వాళ్ళు జిల్లాలో చాలామందే ఉన్నారని ఆయనకి అప్పుడు తెలిసింది. వంశధార ఒడ్డున ఒక పాత ఎస్టేటు బంగళాలో సామాను వేలం వేస్తున్నారంటే వెళ్ళి, రెండు బీరువాలతో పాటు ఈ కారు పాడుకుని తెచ్చాడు. అమెరికా కారట. పడవంత పొడుగు. ముందర వెండి పళ్ళు ఇకిలించినట్టు ఒక జాలీ. మా పెరట్లోకి తేవడానికి దడి పీకవలసి వచ్చింది. దడి పక్కన నేను పెట్టుకున్న బీరపాదు కూడా పోయింది. “పాదు మళ్ళీ ఏసుకోవచ్చు, దొరలెక్కిన కారు మళ్ళీ వస్తాదేటి?” అన్నాడు.

సీట్లు ఊడదీసి నూతి దగ్గర పెట్టించాడు. మంచి తోలు, ఒకప్పుడు మీగడ రంగు. వెనక సీటు తిరగేసి నీళ్ళు పోశాను. అడుగున ఎండిన ఒండ్రుమట్టి పెచ్చులు పెచ్చులుగా రాలింది. స్ప్రింగుల మధ్య వేలు పెట్టి గీకితే ఒక నత్తగుల్ల చేతికొచ్చింది. ఇంకా నీళ్ళు పోసినకొద్దీ ఒక వాసన లేచింది. ఏరు పొంగి తీసిపోయాక మా పుట్టింటి పొలాల్లో వచ్చే వాసన అది. నాకు బాగా తెలుసు.

“బావా, ఇది నీటిలో ములిగినాదేటి?” అని అడిగాను. మాది మేనరికం. మా నాన్నకి అప్ప, అంటే అక్క, ఆవిడ కొడుకే ఆయన.

“ఏటి సూసినావు నువ్వు?”

“మట్టుంది. గుల్లుంది.”

“ఏటీ సూడనేదు. తెలిసిందా? నీ పని కడగడం. కడిగీ.”

కడిగాను. కుంకుడుకాయ రసంతో ఒకసారి, సున్నపు నీళ్ళతో ఒకసారి. నా వేళ్ళు నాని ఒరుసుకుపోయాయి. వాసన మాత్రం పూర్తిగా పోలేదు. సాంబ్రాణి పొగ వెయ్యమన్నాడు. బాలింతరాలి గదికి వేసినట్టు పొద్దునా సాయంత్రం ఆ కారుకి సాంబ్రాణి వేశాను. “నా కీళ్ళ నొప్పులకి కుంపటెట్టమంటే తీరిక నేదంటాది, కారుకి మాత్రం పొగేస్తాది” అని మా అత్త జగ్గమ్మ వసారాలోంచి అంటూనే ఉంది.

తరవాత మెకానిక్కు ఎల్లాజీ వచ్చాడు. డ్రైవరు కాళ్ళు పెట్టుకునే చోట అడుగు రేకు తుప్పు తినేసి నేల కనిపిస్తోంది. దుకాణంలోంచి పల్చటి రేకు ఒకటి తెచ్చి బిగించారు. దానిమీద వెయ్యడానికి కొబ్బరిపీచు పట్టాకి నేను అంచు కుట్టాను. నేను మజ్జిగ తీసుకెళ్ళినప్పుడు ఎల్లాజీ కారు కింద వెల్లకిలా పడుకుని మాట్లాడుతున్నాడు. “బ్రేకు పైపులు పురుగు తిన్నట్టున్నాయి బాబూ. ఊళ్ళో పరవానేదు. దిగుడులో గట్టిగా తొక్కితే తెగిపోతాయి. మార్చీడం మంచిది.”

“అమ్మీదాకా పనిసేస్తే సాలురా. అమ్మీసినాక వాళ్ళ కర్మ. మనం జనరల్ మర్చంట్లం, మేకులమ్మినా అంతే, కార్లమ్మినా అంతే. గడప దాటినాక మనకి పూచీ నేదు” అన్నాడు మా ఆయన.

సీట్ల కవర్లు కుట్టే పని నాదే. మా నాన్న ఇచ్చిన కుట్టుమిషను ఇంట్లో నాదని చెప్పుకోగల ఒకే ఒక వస్తువు. ఎర్రటి మఖమల్ గుడ్డ తెచ్చి పడేశాడు. అంతటి గుడ్డ నా చేతికి ఎప్పుడూ రాలేదు. అంచుల వెంట సన్నటి తాడు లోపల పెట్టి గొట్టంలా కుట్టాను, అన్ని చోట్లా ఒకే లావుగా. మూలలు ఎక్కడా ముడత పడనివ్వలేదు. ఎందుకంత శ్రద్ధగా కుట్టానో అప్పుడు ఆలోచించలేదు. కవర్లు తొడిగిన రోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. డ్రైవరు సీట్లో కూర్చున్నాను. స్టీరింగు చల్లగా ఉంది. అద్దంలోంచి చూస్తే మా పెరడే కొత్తగా, కాస్త దూరంగా, నాకు సంబంధం లేని వాళ్ళ పెరడులా కనిపించింది. అలా ఎంతసేపున్నానో తెలియదు. “దిగవే! కొనడానికొచ్చినోళ్ళు సూస్తే ఏటనుకుంటారు? సీటు నలిగిపోద్ది” అని ఆయన కేకేసేదాకా ఉన్నాను.

ఆ కారు చూడటానికి వచ్చినావిడ పేరు పద్మకుమారి. ఆమదాలవలసలో స్టేషను దగ్గర రైసుమిల్లు వాళ్ళది. భర్త గంగరాజుగారు టైఫాయిడుతో పోతే, మరుదులు మిల్లు అమ్మేద్దామంటే, నేనే నడుపుతానని కూర్చుంది. ఆవిడ గురించి కథలుగా చెప్పుకునేవారు. జీపు తనే నడుపుతుందనీ, కాటా దగ్గర తనే నిలబడుతుందనీ, మగాళ్ళతో ఎదురుబొదురుగా కూర్చుని ధాన్యం బేరాలాడుతుందనీ. అవన్నీ చెప్పేటప్పుడు చెప్పేవాళ్ళ గొంతు తగ్గేది.

ఆ జీపు మా గుమ్మం ముందు ఆగింది. కిటికీలోంచి చూశాను. నా వయసే ఉంటుంది, ఒకటి రెండేళ్ళు ఎక్కువేమో. బూడిదరంగు చీర, సన్నటి నల్లంచు. బొట్టు లేదు. చేతికి గాజుల్లేవు, మగవాళ్ళ వాచీ ఉంది. చెప్పులతోనే దుకాణంలోకి వచ్చేసింది.

“పొద్దుటే ముండ మొకం” అంది మా అత్త లోపల్నుంచి, నాకు మాత్రమే వినబడేలా. “ఇంటికొచ్చీసినాది, ఇంకేటి కావాల.”

మా మావ పోయి పదేళ్ళు దాటింది. మా అత్త నుదుటా బొట్టు లేదు. కానీ తనూ ఆవిడా ఒకటని ఆమె ఎన్నడూ అనుకోలేదు. తను మూల కూర్చున్న మనిషి, అది రోడ్డెక్కిన మనిషి.

మా ఆయన లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలుతో కుర్చీ దులిపాడు. “రండమ్మగారూ, దయచెయ్యండి. ఎండన పడి వచ్చారు. ఫేను కిందకి జరగండి” అన్నాడు. నేను తలుపు పక్కన నిలబడి ఆ మాటలు విన్నాను. ‘దయచెయ్యండి.’ ‘జరగండి.’ ఈ మనిషి దగ్గర ఇటువంటి తెలుగు ఉందని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. “కాఫీ పట్రా” అని నాకేసి చూడకుండా కేకేశాడు. “పింగాణీ కప్పులో.”

కాఫీ తీసుకెళ్ళేసరికి కారు దగ్గర ఉన్నారు. ఆవిడ తలుపు తీసి సీటు అంచు వెంట వేలు పోనిస్తోంది. “కుట్టు చాలా బాగుందండీ” అంది.

“మదరాసు నుంచి తెప్పించానమ్మగారూ. అక్కడో పెద్ద కంపెనీ ఉంది, దొరల కార్లకే కుడతారు. ఇక్కడ ఇటువంటి పనివాళ్ళేరీ?”

నేను కాఫీ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. ఆయన గొంతు వణకలేదు. నా వైపు ఒకసారి చూశాడు కూడా, కప్పు అందించమన్నట్టు. అబద్ధం ఆడుతున్నానన్న బెరుకు కూడా లేదు ఆ చూపులో. నాకనిపించింది, అబద్ధమాడుతున్నట్టు ఆయనకి తెలియను కూడా తెలియదేమోనని. ఆ మఖమల్ మీద వంగి నేను గడిపిన మధ్యాహ్నాలు ఆయన లెక్కలో ఎక్కడా లేవు. లేనిదాని గురించి అబద్ధం ఎలా అవుతుంది?

ఆవిడ కారు నడిపి చూస్తానంది. బేటరీ లారీది తెచ్చి పెట్టారు కనక ఒక్కసారికే అందుకుంది. ఆవిడ కుడివైపు కూర్చుంది, మా ఆయన ఎడమవైపు. ఇద్దరూ రోడ్డు మీదికి వెళ్ళిపోయారు. అరసవల్లి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా మా ఆయన నాకంటే పది అడుగులు ముందే నడుస్తాడు. పక్కన నడిస్తే జనం నవ్వుతారంటాడు. ఇప్పుడు ఒకావిడ తోలుతుంటే పక్కన కూర్చుని నవ్వుతూ వెళ్ళాడు. తిరిగొచ్చాక కూడా నవ్వు మొహాన్నే ఉంది.

“ఎలా ఉందమ్మగారూ?”

“బాగానే ఉంది. ఆలోచించి చెప్తాను” అంది ఆవిడ.

“తమ ఇష్టం. ఎన్నాళ్ళయినా ఉంచుతాను” అన్నాడు. కిలో మేకులకి కూడా ఎవరికీ గడువివ్వని మనిషి.

ఆ సాయంత్రం మినప్పప్పు రుబ్బుతూ కూర్చున్నాను. పొత్రం తిరుగుతోంది, నా లోపల ఇంకేదో తిరుగుతోంది. మొదట మా ఆయన మీద అనుకున్నాను. పరాయి ఆడదాని పక్కన కూర్చున్నాడని ఏ పెళ్ళానికైనా ఉండేదే కదా అని సరిపెట్టుకున్నాను. కానీ అది కాదు. ఆయన ఎవరి పక్కన కూర్చున్నా నాకంత పట్టింపు లేదన్న సంగతి ఆ రుబ్బురోలు దగ్గరే నాకు తెలిసింది, తెలిసి భయం వేసింది కూడా. మరి కారు మీదా? కారు తుప్పుదని నాకు తెలుసు. వాచీ మీదా? చెప్పుల మీదా? ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ పోతే చివరికి ఆవిడ అన్న ఆ ఒక్క మాట మిగిలింది. ‘ఆలోచించి చెప్తాను.’ నా జీవితంలో ఆ మాట అనవలసిన అవసరం నాకు రాలేదు. పెళ్ళికి నన్ను అడగలేదు. పిల్లలెందరో అడగలేదు. బీరపాదు పీకేటప్పుడు అడగలేదు. అడిగితే కదా ఆలోచించడం! ఎవరూ లేరు కదా అని మెల్లిగా పైకి అని చూశాను. “ఆలోచించి చెప్తాను.” నోటిలో కొత్తగా, అరువు తెచ్చుకున్న నగలా ఉంది. అప్పుడు ఆవిడ మీద ఎంత కుళ్ళు పుట్టిందంటే, కారు కొనుక్కునే పోవాలి, ఆ సీట్ల కింది బురద వాసన ఆ బూడిదరంగు చీరకి అంటుకోవాలి, నడిరోడ్డు మీద ఆగిపోతే ఎండలో నిలబడి దారినపోయే వాళ్ళని బతిమాలుకోవాలి, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. ఏం తెలుస్తుందో నాకే తెలియదు. పప్పు మరీ మెత్తగా నలిగిపోయింది. మర్నాడు గారెలు నూనె పీల్చాయని మా ఆయన అన్నాడు.

ఆ తరవాత చాలా రోజులు ఆవిడ రాలేదు. రోజూ జీపు చప్పుడు కోసం నా చెవులు రోడ్డు మీదే ఉండేవి. పద్మకుమారి కోసం మా ఆయన కంటే నేనే ఎక్కువ ఎదురుచూశాను. మనకి ఇష్టమైన వాళ్ళకోసం కంటే, మనకి కుళ్ళు పుట్టించే వాళ్ళకోసమే ఎక్కువ ఎదురుచూస్తామనుకుంటాను.

చివరికి ఒక శుక్రవారం నాడు వచ్చింది. బయానా ఇవ్వడానికే వచ్చానంది. మా ఆయన మొహం చేటంత అయింది. బేరం కుదిరాక, ఇంజను మూత ఎత్తి ఏదో చూసి చేతులకి నల్లటి జిడ్డు అంటించుకుంది. “లోపలికి వెళ్ళి కడుక్కోండమ్మగారూ. ఒసే, అమ్మగారికి నీళ్ళు తోడు” అన్నాడు. తను కాయితాలు వెతకడానికి లోపలి గదిలోకి వెళ్ళాడు.

నూతి దగ్గర నేను చేద లాగి పోస్తున్నాను, ఆవిడ చేతులు రుద్దుకుంటోంది. ఉన్నట్టుండి అంది, “ఆ కవర్లు మీరే కుట్టారు కదా వదినా?”

“ఎవరు సెప్పినారు?”

“మీ జాకెట్టు చేతులకీ అదే పైపింగు. చూస్తే తెలీదేటి?”

నన్ను గుర్తించిందని పొంగిపోవాలి కదా. నాకు ఇంకా మండింది. ఇదీ తెలిసిపోయిందా ఈవిడకి! చూడటానికి ఎంత తీరిక, చూసింది చూసినట్టు అనడానికి ఎంత ధైర్యం! ఇంకో చేద దించాను. ఆవిడే మాట్లాడుతోంది. “జీపులో దిగితే ఎవరూ లెక్క చెయ్యరు వదినా. గంగరాజు పెళ్ళాం వచ్చినాదంటారు, కుర్చీ కూడా వెయ్యరు. ఇటువంటి కారులో దిగితే లేచి నిలబడతారు. పైగా పార్వతీపురం వైపు గొడవలుగా ఉన్నాయా, జీపు కనిపిస్తే చాలు పోలీసులు ఆపుతన్నారు. ఈ నెలలోనే మా పాపనీ, అమ్మనీ ఎక్కించుకుని సాలూరు ఘాటీ మీదుగా కోరాపుట్టు ఎల్లాల. బియ్యం బేరం ఉంది.”

చేద నా చేతిలో ఉంది. ఊరుకుంటే చాలు. నేనేమీ చెయ్యనక్కర్లేదు, ఊరుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన పని. ఘాటీ దిగుడు, కింద లోయ, ఎల్లాజీ అన్న మాట, అన్నీ ఒక్కసారి కళ్ళముందు నిలబడ్డాయి.

పాప మాట విని జాలిపడి చెప్పానని తరవాత విన్నవాళ్ళు అనుకున్నారు. పాప మాట నిజమే, అది గుండెలో కలుక్కుమంది. కానీ అదొక్కటే అయితే నేను ఏ ఎల్లాజీ చేతనో చెప్పించేదాన్ని. నా నోటితో నేనే చెప్పడానికి కారణం వేరు. అన్నీ తెలిసిన ఈవిడకి తెలియనిది ఒకటి నా దగ్గర ఉంది. అది చెప్పేటప్పుడు ఈ మొహం ఎలా మారుతుందో నా కళ్ళతో చూడాలి.

“అది ఏటిలో ములిగిన కారు” అన్నాను. “సీట్ల కింద మట్టి నానే తీసినాను. మీ కాళ్ళ కింద ఇనుము నేదు, పల్చటి రేకుముక్క, మీద పట్టా. బ్రేకు పైపులు తుప్పట్టిపోనాయి. దిగుడులో తొక్కితే తెగిపోతాయంట.”

మొహం మారింది. నేను కోరుకున్నట్టే మారింది. ఆవిడ నూతిగట్టు మీద కూర్చుండిపోయింది, తడి చేతులు చీరకి తుడుచుకోవడం కూడా మరచిపోయి. అప్పటిదాకా నాకు కనిపించిన పెద్దావిడ లేదు. చిన్న పిల్ల తల్లి, రోజూ భయపడుతూ బయటికి వచ్చే మనిషి ఒకతె అక్కడ ఉంది. నాకు సంతోషం కలుగుతుందనుకున్నాను. కలగలేదు.

“అన్నీ చూశాననుకున్నాను” అంది తనలో తను. తరవాత నా వైపు చూసి, “మీ పేరు ఎత్తను వదినా” అని లేచింది.

కారు దగ్గరికి వెళ్ళి నేరుగా పట్టా పట్టుకుని లాగింది. మడమతో గట్టిగా ఒక్క తాపు తన్నింది. రేకు టపుక్కున వంగి ఒక పక్క ఊడింది. కారు దగ్గరే నిలబడి ఉన్న ఎల్లాజీ తల దించుకున్నాడు. మా ఆయన కాయితాలతో బయటికొచ్చి అక్కడే ఆగిపోయాడు.

“ఇదేమిటండీ నరసింగరావుగారూ?”

“అయ్యో, నాకేం తెలుసమ్మగారూ! మేం జనరల్ మర్చంట్లం. కార్ల సంగతి మాకు తెలుస్తుందా? ఈ ఎల్లాజీ చెప్పిందే మాకు వేదం.”

“మేకులమ్మేటప్పుడు తుప్పువి ఏరి పక్కన పెడతారు కదా, అది మాత్రం ఎలా తెలుస్తుంది?” అంది. జీపు ఎక్కి వెళ్ళిపోయింది. నా వైపు చూడలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికే చూడలేదని నాకు తెలుసు. అదీ కుళ్ళు పుట్టించింది. మాట ఇవ్వడానికీ, నిలబెట్టుకోవడానికీ ఆవిడ దగ్గర ఏదో ఉంది.

మా ఆయన వసారాలోకి వచ్చాడు. మా అత్త చింతపండు ముందేసుకుని కూర్చుని ఉంది.

“నువ్వేటి సెప్పినావు దానికి?”

నేను లేదనొచ్చు. పద్మకుమారి నాకు ఆ వీలు ఇచ్చే వెళ్ళింది. ఎల్లాజీ మీదికి పోతుంది, నాకేమీ కాదు.

“ఉన్నదే సెప్పినాను” అన్నాను.

చెయ్యెత్తాడు. “కొంప ముంచీసినావు కదే! నాకు తెలీదనుకున్నావేటి? దాన్ని సూసిన దగ్గర్నుంచి నీ మొకం మొకంలా నేదు. అది కారెక్కితే ఓర్వనేకపోనావు. కుళ్ళు! కుళ్ళుబోతు ముండా!”

ఇన్నేళ్ళ కాపురంలో నా గురించి ఆయన అన్న వాటిలో నిజమైన మాట అదొక్కటే. ఆ చెయ్యి పైనే ఉంది. దాన్ని చూస్తూనే అన్నాను.

“అవును బావా, కుళ్ళే. కారు మీద కాదు. ఆవిడ ఇంటికెల్తే ఎక్కడికెల్లినావని అడిగే మొగుడు నేడు. దాని మీద కుళ్ళు.”

సుమంగళిగా పోవాలని నోములు నోచిన నోరు అది. మా ఆయన చెయ్యి కొట్టడానికి రాలేదు, అలాగే కిందికి జారిపోయింది. ఆయన ముఖంలో కోపం కంటే ఎక్కువగా, ఇంట్లో ఎప్పుడూ చూడని తలుపు ఒకటి తెరుచుకున్నట్టు, అయోమయం కనిపించింది. “సూసినావా అమ్మా, నాను సావాలంట” అన్నాడు, చిన్నపిల్లవాడిలా. మా అత్త తలెత్తలేదు. ఇలాంటి మాట అంటే జుట్టు పట్టుకుని ఈడ్చే మనిషి. చింతపిక్కలు ఒక్కొక్కటే చేటలోకి రాలుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

“నువ్వు సావాలని ఎవరన్నారు? అడక్కుండా ఉంటే సాలు” అన్నాను.

ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఆ తరవాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. కావలసినవి పిల్లల చేత అడిగించుకునేవాడు. దానివల్ల ఒక లాభం కలిగింది, ‘ఖాళీగానే ఉన్నావు కదేటి’ అన్న మాట నా చెవిన పడలేదు. కారు సంగతి ఆమదాలవలస బజారులో పాకి శ్రీకాకుళం దాకా వెళ్ళింది. ఇంకెవరూ చూడటానికి రాలేదు. ఎండకి మఖమల్ వెలిసింది. ఆఖరికి విశాఖపట్నం నుంచి పాత ఇనుము కొనే మనిషి వచ్చి, లారీకి గొలుసు కట్టి, దాన్ని లాక్కుపోయాడు.

ఆ మధ్యాహ్నం మా అత్తా నేనూ చింతపండు పిక్కలు తీస్తూ వసారాలో కూర్చున్నాం. దడి లేని పెరట్లోంచి రోడ్డు మీద లారీ వెనక ఆ కారు వెళ్ళడం కనిపించింది. ఆమె చాలాసేపు అటే చూసింది. ఆ సంగతి గురించి అంతవరకూ ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే నాకు భయంగా ఉండేది.

“మీ మావ పోయి ఏడాది తిరిగినాక” అంది, నాతో కాదన్నట్టు, “నాను ఒక్కర్తినీ శ్రీకూర్మం బస్సెక్కినాను. ఎవరికీ సెప్పనేదు. కిటికీ పక్కన కూకున్నాను. గాలొస్తన్నాది. తెలిసినోళ్ళు ఒక్కరూ నేరు. మీ మావ ఉంటే మూడు నెలలు బతిమాలినా కదలనిచ్చీవోడు కాదు. అంటే సెడ్డోడు కాదు పాపం. ఆ గాలికి నాకో ఆలోచనొచ్చినాది. ఆ ఆలోచనకి బస్సు దిగీదాకా లెంపలేసుకుంటానే ఉన్నాను.”

ఏమిటా ఆలోచనని అడగలేదు.

“అప్పట్నించీ ఏ ముండమోపిని సూసినా తిట్టీసుకుంటన్నాను.”

“ఎందుకత్తా?”

“దానికీ అదే ఆలోచనొచ్చుంటాదని” అంది.

నేను పిక్కలు తీస్తున్న చేతులు ఆపేశాను. మా నాన్నకి అప్ప అయిన ఈ మనిషితో ఇన్నేళ్ళూ ఒకే వసారాలో కూర్చున్నాను. ఆమె తిట్టినప్పుడల్లా ఆమె కడుపులో ఏముందో నాకు తెలియలేదు. తెల్లచీర కొంగుతో ముక్కు తుడుచుకుని, రోడ్డు వైపే చూస్తూ అడిగింది.

“ఆ మిల్లావిడి మీద నీకు కుళ్ళు తగ్గినాదేటే పైడీ?”

అబద్ధం చెప్పాలనిపించలేదు. “తగ్గనేదత్తా” అన్నాను.

మా అత్త చేట దగ్గరికి లాక్కుంది. ఇంటి లోపలికి ఒకసారి చూసి, ఎవరూ లేరని తెలుసుకుని, గొంతు తగ్గించింది.

“తగ్గనీకు” అంది.